ఇప్పసారా ఎప్పుడు నేరమైంది?

సారా అనే మాట బడిలో పలికితే పిల్లలు నవ్వుతారు. వాళ్లలో తండా నుంచి వచ్చిన పిల్లాడో, చెంచు గూడెం నుంచి వచ్చిన పిల్లో ఉంటే మాత్రం తల దించుకుంటారు. "మీవాళ్లు సారా కాస్తారంట కదా" అనే మాట వాళ్లకు కొత్త కాదు. పేపర్లో మన ఊళ్ల పేర్లు కనిపించేది కూడా తరచు ఆ వార్తలోనే. ఫలానా తండాలో దాడులు, ఇన్ని లీటర్ల బెల్లం ఊట ధ్వంసం, ఇంతమందిపై కేసు. ఆ వార్త కింద చరిత్ర ఉండదు. ఆ పని ఎక్కడ పుట్టింది, ఎవరికి తెలుసు, ఏ రోజు నుంచి నేరమైంది అని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్నలు మనమే వేసుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాం. సారాను పొగడటానికి రాయడం లేదు. అది మన ఇళ్లలో చేసిన నష్టం మనకంటే బాగా ఎవరికి తెలుసు? అయితే ఒక పనిని చూసి సిగ్గుపడాలన్నా, గర్వపడాలన్నా ముందు దాని సంగతి పూర్తిగా తెలియాలి. ఇవాళ పెద్ద పట్నాల్లో చిన్న చిన్న బట్టీల్లో చేతిపనిగా తీసిన మద్యానికి వేల రూపాయల ధర పలుకుతోంది. ఆ చేతిపని మనవాళ్లకు తరాలుగా తెలుసు. ఒకే పని ఒకచోట కళ అయి, ఇంకోచోట కేసు ఎలా అయిందో చూద్దాం.

మన సీమ, మన జనం

కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ఇప్పుడు మనం ఒక్క నోట పలికే పేర్లు. పాత కాలంలో ఇవి వేరు వేరు జిల్లాలు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో వీటిని, గుంటూరు జిల్లాలోని ఒంగోలు ప్రాంతాన్ని కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాలు వేరైనా అవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అందుకని మద్రాసులో రాసిన అబ్కారీ చట్టం కనిగిరి మెట్టకూ, నల్లమల గూడేనికీ ఒకేలా వచ్చి తగిలింది.

పడమట దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు వైపు నల్లమల. అక్కడ చెంచులు. తూర్పుకు వచ్చేకొద్దీ అడవి పలచబడి ఎర్రనేల మెట్ట మొదలవుతుంది. కనిగిరి చుట్టూ యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీ తండాలు. వానలు తక్కువ. బావి నీళ్లలో ఫ్లోరైడ్. అడవి ఉన్నచోట ఇప్పపువ్వు, అడవి లేనిచోట బెల్లం. ఊట దేనితో పెట్టాలన్నది నేలే తేల్చింది.

పువ్వు నుంచి చుక్క దాకా

ఇప్పచెట్టు ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి పూస్తుంది. పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు చీకటితోనే లేచి బుట్టలతో వెళ్లి ఏరుకొస్తారు. ఎండబెడితే పువ్వు ముడుచుకుని కిస్‌మిస్‌లాగా అవుతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. అందుకే అది ముందు తిండి. గింజలు అయిపోయిన నెలల్లో ఉడకబెట్టుకుని తిన్నారు, పశువులకు పెట్టారు. కాయలోని పలుకుల నుంచి నూనె తీశారు. సారా ఆ చెట్టు ఇచ్చే వాటిలో ఒకటి, అంతే.

ఎండిన పువ్వును కుండలో నీళ్లు పోసి నానబెడితే కొద్దిరోజులకు పులుస్తుంది. గాలిలోనూ పువ్వు మీదా ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. బుడగలు వస్తాయి, వాసన మారుతుంది. దాన్నే ఊట అంటాం. ఊట ఎప్పుడు సిద్ధమైందో గడియారం చూసి చెప్పలేదు మనవాళ్లు. బుడగ చప్పుడు విని, వాసన చూసి, నాలుక మీద చుక్క వేసుకుని చెప్పారు.

మెట్టలో బెల్లం ఊటకు తెల్లతుమ్మ చెక్క వేస్తారు. సారా కోసం ఇంతగా వాడారు కనుకే దానికి సారాయితుమ్మ అనే పేరు కూడా పుస్తకాలకెక్కింది. ఆ చెక్కలోని వగరు పదార్థం ఊటలోని మడ్డిని కిందికి దించుతుందని తర్వాత శాస్త్రవేత్తలు రాశారు. శాస్త్రం రాకముందే మనవాళ్లకు చెట్టు తెలిసింది.

ఇక బట్టీ. కింద పెద్ద కుండలో ఊట, దాని కింద పొయ్యి. దాని మీద అడుగున చిల్లులు పెట్టిన ఇంకో కుండ. ఆ కుండ లోపల చిన్న ముంత. అన్నిటికీ పైన చల్లటి నీళ్లు పోసిన పాత్ర. కుండల సందుల్లోంచి ఆవిరి పోకుండా తడిమట్టి, గుడ్డ మెత్తుతారు. ఊట కాగితే ఆవిరి లేస్తుంది. పై పాత్ర అడుగు చల్లగా ఉంటుంది కనుక ఆవిరి అక్కడ తగిలి చుక్కలై ముంతలో పడుతుంది. పైన నీళ్లు వేడెక్కితే తీసి మళ్లీ చల్లనీళ్లు పోయాలి. మొదటి నీళ్లకు వచ్చేది ఘాటు. నీళ్లు మార్చేకొద్దీ ఘాటు తగ్గుతుంది. ఎన్ని నీళ్ల సారా అన్నదాన్ని బట్టి దాని బలం చెప్పేవాళ్లు. ఇంకో రకం బట్టీలో వెదురు గొట్టం పెట్టి ఆవిరిని నీళ్లలో ఉంచిన వేరే కుండలోకి పంపుతారు.

దీని వెనక ఉన్న సూత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పగలిగినది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మంట సన్నగా ఉంటే ఆల్కహాల్ ముందు లేస్తుంది. మంట ఎక్కువైతే నీళ్లూ వెంట వస్తాయి, ఊట అడుగంటి మాడు వాసన కొడుతుంది. అందుకని పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి ఓపిక కావాలి. కాగిన సారా కొంచెం తీసి నిప్పు చూపిస్తారు. నీలిమంటతో మండితే బలంగా ఉన్నట్టు. ఇంగ్లండులో పాతరోజుల్లో తుపాకి మందును మద్యంతో తడిపి నిప్పు పెట్టి బలం చూసేవారని చెబుతారు. మద్యం బలాన్ని చెప్పే "ప్రూఫ్" అనే లెక్క అలా వచ్చిందట. మనవాళ్ల దగ్గర ఉన్నది కూడా అటువంటి పరీక్షే. పేరు పెట్టి పుస్తకంలో రాసుకోలేదు, అంతే తేడా.

ఆ సారా ఎప్పుడు కాచారు? పెద్దలకు పెట్టుకునేటప్పుడు, దేవర చేసేటప్పుడు, పెళ్లిలో, చావులో. ముందు నేల మీద కొంచెం పోసి, తర్వాత అందరూ పంచుకున్నారు. పువ్వు ఏడాదికి ఒకసారే రాలుతుంది. పువ్వుకు ఉన్న హద్దే తాగుడుకూ హద్దు అయింది.

అబ్కారీ వచ్చింది

ఈస్టిండియా కంపెనీకి డబ్బు కావాలి. భూమిశిస్తు తర్వాత వాళ్లకు కనిపించిన మంచి రాబడి కల్లు, సారా. 19వ శతాబ్దం మొదట్లోనే మద్రాసు ప్రభుత్వం సారా కాచే, అమ్మే హక్కును వేలంపాటలో గుత్తకు ఇచ్చింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం చేసింది. ఆ చట్టం కింద లైసెన్సు లేకుండా సారా కాచడం, ఉంచుకోవడం, అమ్మడం శిక్ష పడే నేరాలు. ఇంట్లో దేవరకు కాచినా, అంగడికి కాచినా చట్టం కళ్లకు ఒక్కటే.

లైసెన్సు ఎవరికి వచ్చింది? పాట పాడగల షావుకారుకు, పెద్ద ఫ్యాక్టరీ పెట్టగల కంపెనీకి. నెల్లికుప్పంలో ప్యారీ కంపెనీ చక్కెరతోపాటు సారా తీసింది. మన తెలుగు గడ్డ మీద సామర్లకోటలో వెలిసిన కంపెనీ పేరే "దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ". చెరకు మడ్డి నుంచి యంత్రాల మీద సారా తీసి పీపాల్లో అంగళ్లకు పంపడం మొదలైంది. కుండబట్టీ మూసేస్తే తప్ప పీపాసారా అమ్ముడుపోదు. చట్టం కాపాడింది తాగేవాడి ఆరోగ్యాన్ని కాదు, ఖజానా రాబడిని.

బొంబాయి ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకు వేసింది. 1892లో మౌరా చట్టం తెచ్చింది. మౌరా అంటే ఇప్పపువ్వే. సారా కాయడం ఆపాలంటే పువ్వు దొరకకూడదని, థానా, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరి దాచుకోవడం మీదే ఆంక్ష పెట్టారు. ఆకలినాడు తినే పువ్వును కూడా నేరం కిందికి తెచ్చారు. చట్టం ఎంత దూరం పోగలదో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రంప చెప్పిన మాట

దీన్ని మన ఆదివాసులు ఊరికే ఒప్పుకోలేదు. 1886 చట్టానికి ఏడేళ్ల ముందే గోదావరి మన్యంలో నిప్పు రాజుకుంది. రంప కొండల్లో జనం తమ ఇంటికి కావలసిన కల్లు తామే గీసుకునేవారు. కల్లు మీద ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టి ఆ రాబడిని గుత్తకు ఇచ్చింది. గుత్తేదార్లు కొండెక్కారు. మన్సబుదారు చిగురుపన్ను పేరుతో అంతకుముందే పిండుతున్నాడు. వాళ్ల బాకీలు, కోర్టు డిక్రీలు, పోలీసుల జులుం అన్నీ కలిసి 1879 మార్చిలో తిరుగుబాటుగా లేచాయి. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ముందు నిలిచారు. తిరుగుబాటు గొలుగొండ, భద్రాచలం కొండల దాకా పాకింది. అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది.

రంప తిరుగుబాటును "కల్లు కోసం గొడవ" అని తేలిక చేసి రాసినవాళ్లున్నారు. మన చెట్టు, మన గీత, మన ఇంటి అవసరం మీద బయటివాడు పన్ను వేసి, దాన్ని ఇంకో బయటివాడికి అమ్మడం మీద అది తిరుగుబాటు. కల్లు అందులో కంటికి కనిపించిన భాగం.

నిషేధం, తర్వాత పాకెట్టు

స్వాతంత్ర్య పోరాటంలో మద్యనిషేధం పెద్ద నినాదం. 1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం నిషేధ చట్టం చేసి ముందు సేలం జిల్లాలో అమలు పెట్టింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. మన కనిగిరి, మార్కాపురం కూడా అందులోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా నిషేధం కొనసాగింది. దాని అమలు మీద గొడవ ముదిరింది. నిషేధంపై వేసిన రామమూర్తి కమిటీ సిఫార్సుల విషయంలో వచ్చిన తీర్మానం మీద 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషి ముఖ్యమంత్రి పదవి పోయింది మద్యం విషయంలోనే అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆంధ్ర ప్రాంతంలోనూ నిషేధం పోయి సారా పాటలు మొదలయ్యాయి. 1980ల్లో "వారుణి వాహిని" పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో పోయించి పంచింది. చట్టం పేరు అబ్కారీ నుంచి ఎక్సైజ్‌కు మారినా లెక్క మారలేదు. మనిషి కాస్తే నేరం, ప్రభుత్వం పోస్తే రాబడి. మంచినీళ్లు రాని పల్లెకు సారా పాకెట్టు వేళ తప్పకుండా వచ్చేది. కూలి డబ్బులు సాయంత్రానికే అంగట్లో పోయేవి. పువ్వుకున్న హద్దు పాకెట్టుకు లేదు. ఏడాదిలో కొద్ది రోజుల తాగుడు ఏడాది పొడుగునా తాగుడైంది.

దీన్ని ఆపింది ఆడవాళ్లు. కనిగిరికి దక్షిణాన, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకున్న ఆడవాళ్లు తమ వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథే అనుకున్నారు. ఊళ్లో సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అయితే సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడాలి. ఆడవాళ్లు పోరాడింది తమ ఇంటి కూలిని, పిల్లల అన్నాన్ని కాపాడుకోవడానికి. చివరికి మిగిలిన చట్టంలో పేదవాడి సారా నేరంగా ఉంది, కంపెనీవాడి సీసా దుకాణంలో ఉంది, బెల్టుషాపు ఊరి మధ్యలో ఉంది. ఆడవాళ్లు అడిగింది ఇది కాదు.

సారా నిషేధం తర్వాత తండాల్లో ఇంకో మార్పు వచ్చింది. ఇంటికోసం కాచే పని చాటుమాటు వ్యాపారమైంది. తొందరగా పులవాలని ఊటలో యూరియా లాంటివి కలపడం మొదలైంది. దేవర పని కాస్తా దాడి, జరిమానా, వాయిదా అయింది. కొడుకు చదువు మానేసి కోర్టు చుట్టూ తిరిగిన ఇళ్లు మనకు తెలుసు. ఇది మన పెద్దల పనితనం కాదు. దాని పేరు వాడుకుని బతికిన వేరే పని. ఈ రెంటినీ కలిపి ఒకే పేరుతో పిలవడమే మనకు జరిగిన పెద్ద అన్యాయం.

విస్కీ కూడా దొంగసారానే

దుకాణంలో గాజు సీసాలో మెరిసే విస్కీ చరిత్ర చదివితే మన బట్టీ చరిత్రలాగే ఉంటుంది. స్కాట్లాండ్ కొండల్లో రైతులు బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నూరి, పులవబెట్టి, రాగి కుండలో కాచేవాళ్లు. "విస్కీ" అనే మాటకు వాళ్ల పాత భాషలో జీవజలం అని అర్థం. 1644లో స్కాట్లాండ్ పార్లమెంటు మద్యం మీద పన్ను వేసింది. అప్పటినుంచి కొండల్లో చాటుగా కాయడం, పన్ను అధికారులు వెదకడం, పొగ కనపడకుండా రాత్రిపూట బట్టీ పెట్టడం, పట్టుబడితే ఊట పారబోయడం. ఊళ్లపేర్లు మారిస్తే మన పేపర్లో వార్తే.

తేడా తర్వాత వచ్చింది. 1823లో అక్కడ చట్టం మార్చారు. ఏడాదికి పది పౌన్ల లైసెన్సు, గాలన్‌కు ఇంత అని పన్ను కడితే చిన్న బట్టీ కూడా చట్టబద్ధమే అన్నారు. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ అనే రైతు 1824లో లైసెన్సు తీసుకున్నాడు. చాటుగా కాచే ఇరుగుపొరుగువాళ్లు అతని మీద కోపంతో బట్టీ తగలబెడతామన్నారు. నడుముకు పిస్తోళ్లు కట్టుకుని తిరిగాడు. ఇప్పుడు గ్లెన్‌లివెట్ ప్రపంచమంతా తెలిసిన విస్కీ. ఐర్లాండ్‌లో పోచీన్ అనే ఇంటిసారా 1661 నుంచి నేరంగా ఉంది. 1997లో దాన్ని అక్కడ చట్టబద్ధంగా అమ్మనిచ్చారు. 2008లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే ఆ పేరు ఆ నేలకే చెందుతుంది, ఇంకెవరూ పెట్టుకోకూడదు.

మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చౌక సీసాల సంగతి వేరు. వాటిలో చాలావరకు చెరకు మడ్డి నుంచో, ధాన్యం నుంచో యంత్రం మీద తీసిన స్పిరిట్‌కు రంగు, వాసన, నీళ్లు కలిపినవే. మడ్డి స్పిరిట్‌ను విస్కీ అని పిలవడానికి ఐరోపా చట్టం ఒప్పుకోదు. చెరకు రసం గడ్డకడితే బెల్లం, చక్కెర తీయగా మిగిలింది మడ్డి. బెల్లంతో తండాలో కాస్తే నాటుసారా, మడ్డితో ఫ్యాక్టరీలో తీసి రంగు వేస్తే విస్కీ. పాఠం చెప్పే టీచర్లు ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి, పిల్లలను ఆలోచించమంటే చాలు.

చేతిపనిగా చిన్న బట్టీలు పెట్టే పద్ధతి మన ఆంధ్రకూ వచ్చింది. డెస్మండ్ నజరెత్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో చిన్న డిస్టిలరీ పెట్టారు. మన మెట్టల్లో చేలగట్ల మీద ముళ్లమట్టలతో పెరిగే కిత్తనార మొక్క లాంటి దాని నుంచి మద్యం తీసి 2011లో గోవాలో విడుదల చేశారు. మెక్సికోలో టెకీలా తీసేది కూడా ఆ జాతి మొక్క నుంచే. 2018లో ఇప్పపువ్వుతో తీసిన మద్యాన్ని కూడా సీసాలో పోసి అమ్మకానికి తెచ్చారు. ఇప్పపువ్వుతో మంచి మద్యం తీయవచ్చని చట్టం ముందు రుజువు చేశారు. మన ఆదివాసులకు తరాలుగా తెలిసిన సంగతికి లైసెన్సు దొరికింది. ఆ లైసెన్సు గూడేనికి మాత్రం రాలేదు.

మధ్యప్రదేశ్ ఇంకో దారి పట్టింది. 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలే కాచి అమ్ముకునేలా విధానం తెచ్చింది. అలీరాజ్‌పుర్, డిండోరి జిల్లాల్లో అలాంటి యూనిట్లు పెట్టారు. ఇది మంచిదా చెడ్డదా అన్నది వాదించుకోవచ్చు. పని తెలిసినవాళ్ల చేతిలోనే బట్టీ ఉండాలన్న ఆలోచన ఒక ప్రభుత్వానికి వచ్చిందన్నది మాత్రం నిజం.

కృష్ణకు అటు, కృష్ణకు ఇటు

ఇక చట్టంలో మన చోటు ఎక్కడ? 1970ల మధ్యలోనే కేంద్రం ఆదివాసీ ప్రాంతాలకు ఎక్సైజ్ మార్గదర్శకాలు ఇచ్చింది. బయటి సారా అంగళ్లు తీసేయండి, ఇంటి వాడకానికి ఆచారం ప్రకారం కాచుకునేవాళ్లను వదిలేయండి అన్నది దాని సారాంశం. 1996లో వచ్చిన పెసా చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించాలా, అమ్మకాన్ని, వాడకాన్ని అదుపు చేయాలా అన్న అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంది.

కాని షెడ్యూల్డ్ ప్రాంతం అన్న మాటలోనే మనకు తలుపు మూసుకుంది. నల్లమల ఒకటే అడవి, చెంచులు ఒకటే జనం. కృష్ణకు ఉత్తరాన, ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ వైపు చెంచుపెంటలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. కృష్ణకు దక్షిణాన దోర్నాల, యర్రగొండపాలెం వైపు గూడేలు లేవు. చెంచుల కోసం శ్రీశైలం ఐటీడీఏ ఉంది. గ్రామసభకు పెసా అధికారం లేదు. కనిగిరి తండాలకూ, యానాదుల కాలనీలకూ లేదు. ఏటికి అటు బంధువుకు ఉన్న మాట ఏటికి ఇటు బంధువుకు లేదు.

ఉన్నదాన్ని మరిచిపోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు. చిన్న అటవీ ఫలసాయం ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు దానిలో ఉంది. పులుల అభయారణ్యం అయినంత మాత్రాన ఆ హక్కు దానంతట అది రద్దు కాదు. ఇప్పపువ్వు మీద హక్కు మనదే. ఆ పువ్వు ఊటగా మారిన రోజు నుంచి మాత్రం హక్కు ఎక్సైజ్ శాఖది. ఈ గీత ఎక్కడ ఉందో తెలిస్తేనే ఏం అడగాలో తెలుస్తుంది.

మనం ఏం చేద్దాం

యువకులకు ముందుగా ఒక మాట. ఇది చదివి బట్టీ పెట్టండని మేం చెప్పడం లేదు. చట్టం ఇవాళ ఉన్నట్టే ఉంటే ఆ పొయ్యి మీద కాలేది మీ చదువే. తాగుడు మన ఇళ్లలో తీసిన ప్రాణాలు కూడా చరిత్రే. దాన్ని దాచి గొప్పలు చెప్పుకుంటే దూబగుంట ఆడవాళ్ల ముందు నిలబడలేం.

ఇప్పపువ్వుకు సారా ఒక్కటే దారి కాదు. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. నల్లమల పువ్వుకు కూడా అలాంటి పని రావాలి. ఎవరైనా ఇప్పపువ్వు మద్యానికి మన పేరు, మన బొమ్మ పెట్టి అమ్మితే, ఆ పేరులో మన వాటా ఏదని అడగాలి. రేపు ప్రభుత్వం ఏ విధానం తెచ్చినా, మధ్యప్రదేశ్ దారి పట్టినా, గట్టి నిషేధం పెట్టినా, నిర్ణయం గ్రామసభలో జరగాలి. ఆ సభలో ముందు మాట ఆడవాళ్లది కావాలి. తాగుడు దెబ్బ ముందు తగిలేది వాళ్లకే కనుక.

టీచర్లకు ఒక మనవి. ఆవిరి, చల్లబడటం, పులియడం పాఠం చెప్పేటప్పుడు కుండబట్టీ గురించి కూడా చెప్పండి. అది శాస్త్రం అని చెప్పండి. రంప పాఠం చెప్పేటప్పుడు అబ్కారీ గుత్త గురించి చెప్పండి. పిల్లలను ఇంటికి పంపి, ముసలివాళ్లను అడిగి మాటలు రాసుకు రమ్మనండి. ఊట, బట్టీ, ముంత, ఎన్ని నీళ్ల సారా, ఏ చెట్టు చెక్క, ఏ దేవరకు ముందు పోసేవారు. చెంచు పిల్లాడు చెంచుల మాట, సుగాలీ పిల్ల గోర్ బోలిలో మాట, యానాది పిల్లాడు తన యాసలో మాట తెస్తే మన సీమ పనితనం ఒక నోటుపుస్తకంలో చేరుతుంది. ఇవాళ రాసుకోకపోతే ఆ ముసలివాళ్లతోనే ఆ మాటలు పోతాయి. అప్పుడు మన గురించి మిగిలేది ఎక్సైజ్ కేసుల కాగితాలే.

ఆ పిల్లలు తల ఎత్తి కూర్చోవాలి. "అవును, మా తాత సారా కాచేవాడు. ఎందుకు కాచాడో, ఎవరు నేరం చేశారో, దానివల్ల మా ఇల్లు ఏమైందో నాకు తెలుసు" అని చెప్పగలగాలి. అలా చెప్పగల పిల్లలను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ ఉండదు.